నత్రజని నిరుపయోగమైన వాయువా?

2025వ సంవత్సరపు వానకాలమున యూరియా చాలక తెలంగాణమునందు పలుచోట్ల రైతులు తెల్లవారకమునుపే వచ్చి బారులు తీరిరి. గంటలకొలది నిలువలేనివారు తమ స్థానమున చెప్పుల నుంచి చెట్టునీడకు పోయిరి. ఆ దినములలో నొకనాడు మేము తొమ్మిదవ తరగతి పిల్లలకు గాలిని గూర్చి పాఠము చెప్పుచుంటిమి. గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని యనియు, దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదనియు, అది తాను మండదు, మండుదానికి తోడ్పడదనియు చెప్పి, మా యలవాటు చొప్పున "ప్రాణవాయువు యొక్క తీవ్రతను తగ్గించుటకు దక్క మనకు నేరుగా ఉపయోగింపని వాయువిది" అని ముగించితిమి.

అప్పుడు వెనుక బల్లనుండి యొక బాలుడు లేచెను. అతడు అంతకుముందు మూడు దినములు బడికి రాలేదు. "యూరియాలో ఉండేది కూడా నత్రజనే గదా సారూ! పనికిరాని గాలైతే నేనూ మా నాయనా మూడు రోజులు దానికోసం లైనులో ఎందుకు నిలబడ్డాము?" అని అడిగెను. తరగతియంతయు నవ్వెను. మాకు నవ్వు రాలేదు. ఇన్ని యేండ్లుగా మేము చెప్పుచున్న పాఠములో నొక లోపము కలదని ఆ క్షణమున మాకు తోచినది.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మేము నేర్చిన మొదటి సూత్రమేమి? తెలిసినదానినుండి తెలియనిదానికి పోవలెను అని. ఆ సూత్రమును పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొంటిమి; నత్రజని పాఠములో మాత్రము దానిని తలక్రిందులు చేసితిమి. నీళ్లపళ్లెములో క్రొవ్వొత్తి వెలిగించి గాజుజాడీ బోర్లించుటయు, దీపమారిన పిమ్మట జాడీలో మిగిలినది ముఖ్యముగా నత్రజని యని చెప్పుటయు మా పద్ధతి. ఆ పిల్లవానికి జాడీ తెలియదు, యూరియా బస్తా తెలియును. మేము జాడీతో నారంభించి బస్తాకు చేరకయే గంట కొట్టించితిమి. మా పాఠమంతయు "లేదు, లేదు" అను మాటలతోనే నిండెను. కావున నత్రజని పాఠమును మన ప్రాంతపు బడులలో పొలమునుండి మొదలుపెట్టవలెననియు, అట్లు చెప్పినచో మన రైతుకుటుంబములకు కొంత మేలు కలుగుననియు మా అభిప్రాయము. దీనిని సోపపత్తికముగా నిచ్చట వివరించుచున్నాము.

ఈ యపవాదు నత్రజనికి పుట్టుకతోనే వచ్చినది. 1772లో స్కాట్లండుదేశీయుడగు డానియల్ రూథర్‌ఫర్డు దీనిని వేరుచేసి, ఇందులో ప్రాణులు బ్రదుకవని కనుగొనెను. ఫ్రాన్సు దేశపు లవాజియే పండితుడు దీనికి "నిర్జీవము" అను నర్థమిచ్చు పేరు పెట్టెను. 1790లో షప్తాల్ అను మరియొక ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సురేకారములో నీ మూలపదార్థమున్నదని యెరిగి "సురేకారమును పుట్టించునది" అను నర్థము వచ్చు పేరుతో పిలిచెను. మన నత్రజని శబ్దమును ఆ యర్థమునే తెలుపుచున్నది. ఒక పేరు చావును, ఒక పేరు పుట్టుకను చెప్పుచున్నవి. మా పాఠము మొదటి పేరుతోనే నిలిచిపోయినది.

ఇది నిరుపయోగమనిపించుటకు కారణమేమనగా, గాలిలో నత్రజని పరమాణువులు రెండేసి జతగూడి యుండును. ఆ రెండును మూడు బంధములతో నొకదాని నొకటి పెనవేసికొని యుండుటచే వేరొక పదార్థముతో సులభముగా కలియవు. ఆ ముడి విప్పుటకు గొప్ప శక్తి కావలెను. ముడి విప్పిన పిమ్మట నదే నత్రజని మన రక్తమాంసములలో, పప్పులో, పాలలో, గ్రుడ్డులో, ఆకుపచ్చని పత్రహరితములో చేరును. మాంసకృత్తులలో నూటికి 16 పాళ్ల తూకము నత్రజనియే. మానవశరీరపు తూకములో నూటికి సుమారు 3 పాళ్లు ఇదియే. అనగా 40 కిలోల బరువుగల విద్యార్థిలో కిలోకు పైబడి నత్రజని యున్నది. ఇట్టిదానిని పనికిరానిదనుట యెట్లు?

ఇచ్చట నొక చిన్న లెక్క చెప్పెదము. 25 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 12 అడుగుల ఎత్తుగల తరగతిగదిలోని గాలి సుమారు 200 కిలోలు తూగును. అందు నత్రజని 150 కిలోలు. ఒక యూరియా బస్తా తూకము 45 కిలోలు; యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని కావున బస్తాకు 20 కిలోల పైచిలుకు. కాగా బాలురు కూర్చున్న గదిలోనే యేడు బస్తాలకు సరిపడు నత్రజని యున్నది! ఇక ఒక ఎకరము నేలమీద నిలిచిన గాలిలో నున్నది 30,000 టన్నులకు మించును. ఇంత సంపద నెత్తిమీద నుండగా రైతు ఒక్క బస్తాకై యెండలో నిలుచుచున్నాడు. సముద్రము నడుమ దాహముగొన్న నావికుని వంటి స్థితి యిది. ఉప్పునీరు త్రాగరానిదైనట్లే గాలిలోని నత్రజనియు పైరునకు నేరుగా నందనిది.

ముడివిప్పు మార్గములు మూడు కలవు. మొదటిది మెరుపు. ఉరుములు మెరుపులతో కూడిన వానకు పైరు పచ్చబడునని పెద్దలు చెప్పుదురు. మెరుపు వేడికి నత్రజని ప్రాణవాయువుతో కలిసి, వాననీటితో నేల చేరుట నిజమే. కాని యీ విధముగా వచ్చునది స్వల్పము.

రెండవది సూక్ష్మజీవుల పని. కంది, పెసర, మినుము, బొబ్బర, వేరుసెనగ, జనుము, జీలుగ మొదలగు వానివేళ్లకు చిన్నచిన్న బుడిపెలుండును. వానిలో రైజోబియమను సూక్ష్మజీవులు కాపురముండి, మొక్క పెట్టు చక్కెర తిని, గాలిలోని నత్రజనిని మొక్కకు ఎరువుగా మార్చి యిచ్చును. 1886 మొదలు 1888 లోపల జర్మనీదేశమున హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అను వారు దీనిని ఋజువుపరచిరి. మన యేజెన్సీ పల్లెలలో కోయవారు పోడుచేలలో జొన్నతో కందిని, బొబ్బరను కలిపి విత్తుట యీ పరిశోధనలను చదివి నేర్చినది కాదు. బడిమెట్లెక్కని తాతల తెలివి బడిలో చెప్పదగినదే యని మా నమ్మకము. అయితే సత్యమును పూర్తిగా చెప్పవలెను: పోడునకై ఆకునలమును కాల్చినప్పుడు బూడిదలో సున్నము, పొటాషు మిగులును గాని, ఆకులలోని నత్రజనిలో నధికభాగము పొగతోపాటు గాలిలో కలిసిపోవును.

మూడవది మనుష్యుని కార్ఖానా. 1909లో ఫ్రిట్జ్ హేబర్ అధికమైన ఒత్తిడిలో నత్రజనిని ఉదజనితో కలిపి అమ్మోనియా చేయగలిగెను. కార్ల్ బాష్ దానిని పెద్దయెత్తున చేయు యంత్రములను నిర్మింపగా, 1913లో జర్మనీలోని ఒప్పావునందు కర్మాగారము నడిచెను. నేడు ప్రపంచజనాభాలో దాదాపు సగమునకు ఆహారము ఈ పద్ధతివలననే లభించుచున్నదని శాస్త్రజ్ఞుల యంచనా. మన గోదావరీతీరముననే, మనకు ఎగువనున్న రామగుండమునందు బొగ్గునుండి యూరియా చేయు కర్మాగారము 1980లో ఉత్పత్తి నారంభించి 1999లో మూతపడెను. దాని స్థానమున సహజవాయువుతో నడచు క్రొత్త కర్మాగారము 2021లో ఉత్పత్తి ప్రారంభించినది. దాని శక్తి దినమునకు 2,200 టన్నుల అమ్మోనియా, 3,850 టన్నుల యూరియా.

ఎరువే కాదు, నిత్యజీవనమున నత్రజని తొంగిచూడని చోటు లేదు. బడ్డీకొట్టున వ్రేలాడు చిప్సు పొట్లము ఉబ్బియుండుట నత్రజనివలననే. ప్రాణవాయువు తగిలిన నూనె చెడును గాన దానిని తొలగించి దీనిని నింపుదురు. పశువైద్యశాలలో ఆవులకు కృత్రిమ గర్భోత్పత్తి కొరకు వీర్యము నిలువయుంచు డబ్బాలో పొగలు గ్రక్కు ద్రవము నత్రజనియే. దాని శీతలత సున్నకు దిగువ 196 డిగ్రీలు. మన మిరపకాయలు ఖమ్మములో నిలువయుండు శీతలగిడ్డంగులను చల్లబరచుటకు వాడునది అమ్మోనియా. రాగిపాత్రలకు కళాయి వేయువాడు చల్లు నవాసాగరము, టపాకాయలలోని సురేకారము, శస్త్రచికిత్సలో మత్తునకై పీల్పించు నత్రవాయువు, బొగ్గుగనులలో బండను పగులగొట్టు మందు — ఇవన్నియు నత్రజని సంతతియే. జడమై పాడుగాకుండ కాచు గుణమొకటి, ముడి విడినప్పుడు జీవమిచ్చు గుణమొకటి, బిగువుగా కట్టినప్పుడు ప్రేలు గుణమొకటి.

ఈ మూడవ గుణమును మరువరాదు. 1921లో ఆ ఒప్పావు కర్మాగారముననే నిలువయుంచిన ఎరువు ప్రేలి 500 మందికి పైగా మరణించిరి. 2020 ఆగస్టు 4వ తేదీన బేరూతు రేవున ప్రేలినదియు అమ్మోనియం నైట్రేటే. అన్నమునకు దారి చూపిన హేబరే 1915లో యుద్ధభూమిపై విషవాయువును ప్రయోగింపజేసెను. విద్య యొక్కటే చాలదు, దానిని పట్టిన చేతికి మనస్సాక్షి యుండవలెనని పిల్లలకు చెప్పుటకు ఇంతకంటె మంచి యుదాహరణము రసాయనశాస్త్రమున మాకు కనబడలేదు.

ఇక మన చర్ల సంగతి. తాలిపేరు నీటితో చర్ల, దుమ్ముగూడెం మండలములలో వరి పండుచున్నది. గోదావరి యొడ్డు నేలలలో మిరప ప్రబలినది. రెంటికిని యూరియా వాడుదురు. "పక్కచేను నల్లగా కనబడుచున్నది, మన చేను పాలిపోయినది" అని మరియొక బస్తా చల్లు రైతులను మేము ప్రతియేట చూచుచున్నాము. ఆకు నల్లబడుట పంట పెరుగుట కాదు. మితిమీరి నత్రజని త్రాగిన వరి మెత్తబడి పడిపోవును. అగ్గితెగులు, దోమపోటు దానిని వెదకికొని వచ్చును. మిరప యేపుగా నాకు వేసి కాపు తగ్గును. అప్పుడు పురుగుమందు అప్పు చేసి తెత్తురు. ఒక బస్తా తెచ్చిన చేటు ఒక బస్తాతో పోదు.

వరి మడిలో వేసిన యూరియాలోని నత్రజనిలో పైరు గ్రహించునది సాధారణముగా సగమునకు తక్కువ. మిగిలినది కొంత అమ్మోనియాగా గాలిలోనికిని, కొంత నైట్రేటుగా బావినీటిలోనికిని, కొంత నత్రవాయువుగా ఆకాశమునకును పోవును. ఈ నత్రవాయువు భూమిని వేడెక్కించుటలో బొగ్గుపులుసు వాయువునకు సుమారు 270 రెట్లు బలమైనది. త్రాగునీటిలో నైట్రేటు లీటరునకు 45 మిల్లీగ్రాములకు మించరాదని మన దేశపు ప్రమాణము. మించినచో ఆ నీటితో పాలపొడి కలిపి త్రాగించిన పసిబిడ్డలకు రక్తము ప్రాణవాయువును మోయలేక శరీరము నీలివర్ణమగును. యూరియా సంచులు కడిగిన నీళ్లు త్రాగి పశువులు చచ్చుటయు కలదు. ఖర్చు రైతుది, నష్టము అందరిది.

అయినను యూరియా విషమని, దానిని విడిచిపెట్టుడని బోధించుట మా మతము కాదు. దానివలననే మన దేశము కరవునుండి చాలవరకు బయటపడినది. మేము చెప్పునది మితము. దుక్కిలోనే యంతయు గ్రుమ్మరింపక రెండు మూడు తడవలుగా వేయుట, మడిలో నీరు తీసివేసి బురదపదునున పైపాటుగా చల్లుట, పెద్దవాన రానున్న దినమున చల్లకుండుట, ఆకురంగు పట్టికతో పోల్చిచూచి అవసరమైనప్పుడే వేయుట — వీనికి పైసా ఖర్చు లేదు. తొలకరిలో జీలుగ గాని జనుము గాని చల్లి, పూత దశలో, అనగా సుమారు 45 దినములకు కలియదున్నినచో ఎకరమునకు 25 నుండి 35 కిలోల నత్రజని సమకూరును. ఇది ఒక బస్తాకు తీసిపోదు. పైగా నేల గుల్లబారును. ఇది బస్తా చేయలేని పని.

దీనికి మా మిత్రుడైన యొక రైతు చేసిన యాక్షేపణ న్యాయమైనది. "నాకున్నది కౌలుచేను. వచ్చే యేడు ఆ చేను నాదవునో కాదో తెలియదు. మరియొకని నేలకు నేనెందుకు బలము పెట్టవలెను?" అనెను. దీనికి ఉపన్యాసము జవాబు కాదు. కౌలు నిలకడ లేనంతకాలము నేలను ప్రేమింపుమని కౌలుదారునకు చెప్పుట యన్యాయమే. కౌలును మూడు నాలుగేండ్లకు వ్రాసికొనుట యిరువురకును మేలని భూమిగల పెద్దలకు మనవి చేయుచున్నాము. అంతవరకు కౌలుదారునకు తగినది ఆ సంవత్సరమే ఫలమిచ్చు పని: గట్లమీద కంది విత్తుట, అంతరపంటగా పెసరయో బొబ్బరయో వేయుట. కాయ ఇంటికి వచ్చును, వేరును ఆకును నేలకు మిగులును. బస్తాలు రానియేట నట్టివాడు పూర్తిగా చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కరలేదు.

మరియొక యాక్షేపణ కలదు. పిల్లలు వ్యవసాయము నుండి బయటపడుటకే కదా బడికి వచ్చునది, వారికి ఎరువుల గొడవ యేల? అని. చదివిన బిడ్డ ఉద్యోగస్థుడు కావలెనని మేమును కోరుదుము. కాని తండ్రి పంట పోయినయేట బిడ్డ చదువు ఆగిపోవుటను మేము చూచితిమి. వసతిగృహపు రుసుము చెల్లింపలేక ఇంటికి మరలినవాని పేరు హాజరుపట్టీ నుండి కొట్టివేయుట ఉపాధ్యాయునకు తేలికపని కాదు. మిరపచేని లెక్క తప్పుటకును, తరగతిలో ఒక స్థానము ఖాళీ యగుటకును సంబంధము కలదు. అక్షరము వచ్చిన బిడ్డ ఆకురంగు పట్టిక చదివి తండ్రికి ఒక బస్తా తగ్గించినచో, ఆ పూట చదువు ఇంటికి బియ్యమై వచ్చినట్లే.

కావున మన పాఠశాలకు మూడు సూచనలు చేయుచున్నాము. మొదటిది: నత్రజని పాఠము చెప్పునాడు పిల్లలను పొలమునకు తీసికొనిపోవలెను. ఐదారు వారముల బొబ్బరమొక్కను వేళ్లు తెగకుండ పలుగుతో పెల్లగించి నీళ్లలో కడిగి, వేరు బుడిపెను గోటితో చిదిపి చూడనిండు. లోపల గులాబి వన్నె యున్నచో సూక్ష్మజీవులు పనిచేయుచున్నట్లు. ఆకుపచ్చగానో బూడిదవర్ణముగానో యున్నచో వాని పని ముగిసినట్లు. మన రక్తమునకు ఎరుపునిచ్చు పదార్థము వంటిదే ఆ బుడిపెలోను ఉండుట చూచి ఆశ్చర్యపడని బాలుడుండడు. గాజుజాడీ ప్రయోగము మరునాడు చేయవచ్చును.

రెండవది: బడి యావరణలో రెండు మడులు వేయవలెను. ఒకదానిలో జీలుగ కలియదున్ని యూరియా సగము వేయుట, ఇంకొకదానిలో యూరియా పూర్తిగా వేయుట. నారు, నీరు, నాటిన దినము రెంటికిని ఒకటే. ఖర్చును దిగుబడిని పిల్లలే తూచి వ్రాయవలెను. మూడవది: ఆ లెక్కను వచ్చే సంవత్సరపు ఈ పత్రికలోనే ప్రకటింపవలెను. మా మాట నెగ్గినను ఓడినను ఉన్నది ఉన్నట్లు ప్రకటింపవలెను. సైన్సు నేర్పు మొదటి నీతి యదియే.

ఇక ఆ బాలుని ప్రశ్న. ఆనాడు మేము "రేపు చెప్పెదను, కూర్చుండుము" అంటిమి. ఆ రేపు ఇన్ని దినములకు వచ్చినది. నాయనా, నీవును మీ నాయనయు నిలిచినది పనికిరాని గాలికొరకు కాదు. ముడివిడిన గాలికొరకు నిలిచితిరి. ఆ ముడి విప్పు పనివాండ్రు మీ చేని గట్టున కందివేళ్లలోనే కొందరున్నారు. వారికి కూలి యియ్యనక్కరలేదు, వారికొరకు లైనులో నిలువనక్కరలేదు. విత్తనము వేసి చోటిచ్చిన చాలును. తొలకరి రాగానే మడి దున్నుదము. పలుగు నీవు తెమ్ము, విత్తనములు మేము తెచ్చెదము.